పెద్దల టీమ్‌లో మొదటి శనివారం

(శనివారాలు మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో తెల్లకోటు వేసుకుని గోల్ అంపైర్‌గా నిలబడే మా కాలమిస్టు, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మా అబ్బాయికి ఈమధ్యే 18 నిండాయి. స్కూల్లో స్నేహితుల వెంట వెళ్లి ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్‌లో చేరాడు. క్రికెట్ ఆడతాడనుకుంటే ఇటు మళ్లాడు. వచ్చే నెల సీనియర్స్ టీమ్‌లో ఆడిస్తానని కోచ్ చెప్పాడట. వాడు గాల్లో తేలుతున్నాడు, నాకేమో ఒకటే టెన్షన్. అవతలి టీమ్‌లో ముప్పై ఏళ్లవాళ్లు, నూరు కిలోల మనుషులు ఉంటారు. మావాడు డెబ్బై కూడా ఉండడు. ఆ రోజు జెర్సీ మా చేతుల మీదుగా ఇప్పిస్తారట, నాలుగు మాటలు మాట్లాడమంటున్నారు. వాళ్ల నాన్న "నేను రాను, చూడలేను" అంటున్నారు. మేం వెళ్లాలా? వెళితే ఏం చూడాలి?
— ఒక తల్లి, టార్నీట్

జవాబు: వెళ్లండమ్మా. నాన్నగారిని కూడా బయల్దేరదీయండి. "చూడలేను" అనే తండ్రులు నాకు బాగా తెలుసు. మొదటి క్వార్టర్ అంతా కారులోనే కూర్చుంటారు. రెండో క్వార్టర్‌కి మెల్లగా కంచె దగ్గరికి వస్తారు. మూడో క్వార్టర్‌కల్లా అంపైర్‌ని తిడుతుంటారు. (ఒక్క మనవి: గోల్ పోస్టుల వెనక నిలబడి తిట్టకండి, మాకు అన్నీ వినబడతాయి.)

జెర్సీ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఆ పిల్లవాడికి ఆ రోజు ఆటకంటే అదే ఎక్కువ గుర్తుంటుంది. దాన్ని ఇక్కడ జంపర్ అంటారు. ఏఎఫ్ఎల్‌లో (దేశంలో ఈ ఆటకు అన్నిటికంటే పెద్ద లీగ్) కొత్త కుర్రాడికి జంపర్ అందించడానికి అమ్మానాన్నలనో, తాతనో, చిన్నప్పటి కోచ్‌నో పిలిపించడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. అదే పద్ధతి మన వీధి చివరి క్లబ్బుల దాకా వచ్చింది. కొన్నిచోట్ల గురువారం ప్రాక్టీస్ అయ్యాక టీమ్ ప్రకటించేటప్పుడు ఇస్తారు, కొన్నిచోట్ల మ్యాచ్‌కి ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో ఇస్తారు. రూమ్‌లో అయితే కండరాలకు రాసుకునే మందు వాసన గుప్పుమంటుంది, చీలమండలకు టేపులు చుట్టుకుంటూ కుర్రాళ్లు సగం బట్టల్లో ఉంటారు. మొహమాటపడకండి, వాళ్లు పడరు. మీరు మాట్లాడాల్సింది ఒక నిమిషం చాలు. వాడు ఎన్నింటికి లేచి ప్రాక్టీస్‌కి వెళ్లాడో, వర్షంలో తడిసొచ్చి బురద బూట్లు ఎక్కడ పడేసేవాడో చెప్పండి. పెద్ద మాటలు వద్దు. ఒకసారి ఒక తండ్రి ఇంగ్లిష్ తడబడి తెలుగులోనే రెండు వాక్యాలు అనేశారు. ఎవరికీ అర్థం కాలేదు, అందరూ బెంచీలు చరిచి గోల చేశారు. ఆ కుర్రాడి కళ్లు మాత్రం చెమర్చాయి.

ఇక దెబ్బల సంగతి. మీ భయం వట్టి భయం కాదు, అలాగని మీరు ఊహించుకున్నంతా ఉండదు. ఈ ఆటలో భుజాల కింద, మోకాళ్ల పైన మాత్రమే పట్టుకోవాలి. పట్టు మన కబడ్డీ పట్టులాగే ఉంటుంది, కాకపోతే ఇక్కడ మనిషి పరుగులో ఉంటాడు. తల మీదకు చెయ్యి వస్తే ఫ్రీ కిక్, భుజంతో తలను గుద్దితే ఆటగాడి మీద రిపోర్ట్ వెళుతుంది, మ్యాచ్‌లకు దూరమవుతాడు. మీవాడు ఇన్నాళ్లూ అండర్ 19లోనో రిజర్వ్స్‌లోనో (క్లబ్ రెండో టీమ్) ఈ నియమాలతోనే ఆడాడు. సీనియర్స్‌లో మారేది మనుషుల బరువుకంటే టైమ్. జూనియర్స్‌లో బంతి అందుకున్నాక ఎటు తన్నాలో చూసుకోవడానికి ఒక క్షణం ఉండేది, ఇక్కడ అది ఉండదు. పైగా ఈ ఆటలో ఆఫ్‌సైడ్ లేదు, ప్రత్యర్థి ముందు నుంచే రావాలన్న లెక్క లేదు. వెనక నుంచి వచ్చేవాడు కనపడడు. కొత్త కుర్రాళ్లు కింద పడేది ఎక్కువగా అలాగే. చూసే తల్లికి గుండె ఆగినంత పనవుతుంది, వాడు మాత్రం లేచి షార్ట్స్ దులుపుకుని పరుగెడతాడు.

తలకు తగిలిన దెబ్బ విషయంలో మాత్రం మెత్తబడకండి. కంకషన్ (దెబ్బకు మెదడు అదిరిపోవడం) అని తేలితే కమ్యూనిటీ ఫుట్‌బాల్‌లో కనీసం 21 రోజుల దాకా మళ్లీ మ్యాచ్ ఆడకూడదు. డాక్టర్లు చుట్టూ ఉండే ఏఎఫ్ఎల్ వాళ్లకే కనీసం 12 రోజులు. "నాకేం కాలేదు, ఆడతాను" అని వాడు అంటాడు, అందరూ అంటారు. ఆ ఒక్క చోట మీరు వాడి మాట వినకండి, క్లబ్ ట్రైనర్ మాట వినండి. మౌత్‌గార్డ్ షాపులో దొరికే రకం కాకుండా డెంటిస్ట్ దగ్గర అచ్చు తీయించి చేయించండి. మెత్తటి హెల్మెట్ కొనిపెడదామని చాలామంది అమ్మలు అడుగుతారు. గీతలు పడకుండా అది కాస్త ఆపుతుంది కానీ కంకషన్‌ను ఆపదు. దాన్ని నమ్ముకుని వాడు ఇంకా దూకుడుగా తల దూరిస్తే అది మరీ ప్రమాదం.

ఏం చూడాలన్నారు. స్కోరు చూడకండి, బంతిని కూడా మరీ చూడకండి. మొదటి మ్యాచ్‌లో కుర్రాణ్ణి తరచుగా గోల్ పక్క మూలన, ఫార్వర్డ్ పాకెట్‌లో పెడతారు. అంటే నా ముందే. అక్కడ బంతి పది నిమిషాలు రాకపోవచ్చు. వచ్చినప్పుడు నలుగురి మీద పడి వస్తుంది. వాడు ఒకసారి జారవిడిస్తాడు, ఆపైన ఏం చేస్తాడన్నదే చూడండి. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడా, బంతి పట్టుకుపోతున్నవాడి వెంట పడ్డాడా? గోల్ గీత మీద నిలబడి నేను గమనించేది అదే, కోచ్ కూడా అదే చూస్తాడు. మధ్యలో బెంచీకి పిలిస్తే కంగారుపడకండి, అది శిక్ష కాదు. ఏఎఫ్ఎల్‌లో 18 మంది మైదానంలో ఉంటే, మ్యాచ్ టీమ్ 23 మంది. ఊపిరి తీసుకోవడానికి అందరూ వచ్చిపోతుంటారు. అక్కడ మిడ్‌ఫీల్డ్ ఆటగాళ్లు ఒక్కో మ్యాచ్‌లో 12 కిలోమీటర్ల పైనే పరుగెడతారు మరి.

క్వార్టర్ల మధ్య విరామంలో మన స్థానిక మైదానాల్లో జనం లోపలికి నడిచివెళ్లి కోచ్ చుట్టూ మూగుతారు. మీరూ వెళ్లొచ్చు, అదొక ముచ్చట. అయితే నాలుగడుగులు వెనక నిలబడండి. కోచ్ బోర్డు మీద గీతలు గీసి అరుస్తుండగా మధ్యలోకి వెళ్లి "తిన్నావా నాన్నా" అని అడిగిన అమ్మ ఒకరున్నారు. ఆ కుర్రాణ్ణి ఆ సీజన్ అంతా టీమ్‌వాళ్లు ఆ మాటతోనే పిలిచారు, తెలుగులోనే.

చదువు పాడవుతుందని మీరు అడగలేదు కానీ, వాళ్ల నాన్నగారి మనసులో అది ఉందని నా అనుమానం. స్థానిక సీనియర్స్ అంటే ఏఎఫ్ఎల్ కాదండీ. వారానికి రెండు సాయంత్రాల ప్రాక్టీస్, శనివారం మ్యాచ్. ఏఎఫ్ఎల్ దారి వేరు. మన పశ్చిమ ప్రాంతపు పిల్లలకు వెస్టర్న్ జెట్స్ లాంటి అండర్ 18 టీమ్, ఆపైన వీఎఫ్ఎల్ అనే రాష్ట్ర స్థాయి లీగ్, నవంబర్‌లో డ్రాఫ్ట్, అంటే ఏఎఫ్ఎల్ క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకోవడం. ఒకప్పుడు టిమ్ వాట్సన్ 1977లో ఎసెండన్ క్లబ్ తరఫున 15 ఏళ్లకే పెద్దల ఆటలో దిగాడు. ఇప్పుడు డ్రాఫ్ట్‌కి వెళ్లాలంటే ఆ ఏడాది ముగిసేలోగా 18 నిండాలి. మీవాడు అటు పోతాడో లేదో ఈ శనివారం తేలదు, తేల్చమని వాణ్ణి అడగకండి కూడా.

మైదానానికి మందపాటి కోటు తీసుకెళ్లండి. జూన్‌లో ఆ మైదానాల్లో గాలి కోతపెడుతుంది.

ప్రశ్న: కొడుకు దగ్గరికి వచ్చి మూడు నెలలుంటున్నాం. టీవీలో ఈ ఆట చూస్తున్నాను. నాలుగు కర్రలెందుకు? గోల్ తప్పినా పాయింట్ ఇస్తున్నారు, ఇదేం లెక్క?
— ఒక తండ్రి, జీలాంగ్

జవాబు: మధ్యలో ఉన్న రెండు పొడవాటి కర్రలు గోల్ పోస్టులు, పక్కన పొట్టిగా ఉన్నవి బిహైండ్ పోస్టులు. కాలితో తన్నిన బంతి ఎవరికీ తగలకుండా మధ్యలోంచి పోతే గోల్, 6 పాయింట్లు. పక్క ఖాళీల్లోంచి పోయినా, మధ్యలోంచే పోయినా ముందు ఎవరి చేతికైనా తగిలినా బిహైండ్, 1 పాయింట్. అందుకే స్కోరు 12.8 (80) అని కనబడుతుంది: 12 గోల్స్, 8 బిహైండ్స్, మొత్తం 80. గోల్ అయితే మేం రెండు వేళ్లు చూపించి రెండు జెండాలు ఊపుతాం, బిహైండ్‌కి ఒక వేలు, ఒక జెండా. అవతలి చివర ఉన్న గోల్ అంపైర్ కూడా తిరిగి జెండా ఊపుతాడు, ఇద్దరి పుస్తకాల్లో లెక్క సరిపోవాలి కదా. జీలాంగ్‌లో ఉండి టీవీలో చూడటమేమిటండీ, ఒకసారి మైదానానికి వెళ్లండి.

ప్రశ్న: అన్నా, పోయిన వారం నా మొదటి సీనియర్ మ్యాచ్ ఆడాను. బంతి నా చేతికి వచ్చింది ఐదారు సార్లే. ఓ సులువైన మార్క్ (తన్నిన బంతిని గాల్లోనే పట్టుకోవడం) వదిలేశాను. ఈ వారం మళ్లీ రిజర్వ్స్‌లో వేశారు. ఇంట్లో వీడియో తీసి చుట్టాలందరికీ పంపేశారు, ఇప్పుడు వాళ్లంతా "తర్వాతి మ్యాచ్ ఎప్పుడు" అని అడుగుతున్నారు. ఇంక నా పని అయిపోయినట్టేనా?
— ట్రుగనీనా కుర్రాడు

జవాబు: తమ్ముడూ, చుట్టాలకు "రిజర్వ్స్ మ్యాచ్ శనివారమే, రండి" అని చెప్పు. నిజమే కదా.

1949లో జాన్ కోల్‌మన్ ఎసెండన్‌కి ఆడిన మొదటి మ్యాచ్‌లోనే 12 గోల్స్ కొట్టాడు. కామెంటేటర్లకు ఆ కథ చెప్పడం ఇష్టం. నువ్వు మాత్రం బ్రెంట్ హార్వీని చూడు. నార్త్ మెల్‌బోర్న్‌కి 432 మ్యాచ్‌లు ఆడిన మనిషి. 1996లో మొదటి మ్యాచ్ ఆడాక ఆ ఏడాది రెండోది దక్కలేదు. పొడగరి కూడా కాదు. మొదటి మ్యాచ్ ఇచ్చేటప్పుడు కోచ్‌కి నీమీద ఆశ చాలు. రెండోది ఇవ్వాలంటే మాత్రం నువ్వు లేనప్పుడు టీమ్‌లో ఏం తగ్గిందో అతనికి కనబడాలి.

ఐదారు సార్లు బంతి అందడం మొదటి మ్యాచ్‌లో పాకెట్ ఆటగాడికి సిగ్గుపడే అంకె కాదు. మరి మిగతా సమయమంతా ఏం చేశావో నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. నాకు అదే నచ్చలేదు. ఎన్ని ట్యాకిల్స్ చేశావు? అవతలివాడు మార్క్ పట్టబోతుంటే పిడికిలితో బంతిని గెంటేసి స్పాయిల్ చేశావా? వాడు తన్నబోతుంటే కాలి మీదకి దూకి స్మదర్ చేశావా? మనవాడు బంతితో పరుగెడుతుంటే పక్కనున్న ప్రత్యర్థికి అడ్డుపడి షెపర్డ్ చేశావా? వీటిని వన్ పర్సెంటర్లు అంటారు. టీవీ స్కోరుబోర్డులో కనబడవు కానీ సోమవారం కోచ్ వీడియో చూసేటప్పుడు రాసుకునేది వీటినే. వదిలేసిన మార్క్ అందరికీ గుర్తుంటుంది, సరే. అది వదిలేశాక నువ్వు తలపట్టుకున్నావా, కిందపడ్డ బంతి మీదకి దూకావా? పాకెట్‌లో ఆడే కుర్రాళ్లలో తలపట్టుకునే రకాన్ని నేను ఎక్కువగా చూస్తుంటాను, ఆలోగా బంతి సెంటర్ దాటేసి ఉంటుంది.

రిజర్వ్స్‌లో ఆడినప్పుడు ఒక తప్పు చేస్తారు: సీనియర్స్ ఆడొచ్చాను కదా అని ప్రతి బంతికీ తానే గోల్ కొట్టాలని చూడటం. అది సెలెక్టర్లకు ఇట్టే తెలిసిపోతుంది. పక్కవాడు ఖాళీగా ఉంటే బంతిని పిడికిలితో కొట్టి హ్యాండ్‌బాల్ ఇచ్చెయ్. రిజర్వ్స్ అయ్యాక స్నానం చేసి ఇంటికి పారిపోకుండా సీనియర్స్ మ్యాచ్ పూర్తిగా చూడు. నీ స్థానంలో ఆడుతున్నవాణ్ణే చూడు, బంతి అవతలి చివర ఉన్నప్పుడు అతను ఎక్కడికి కదులుతున్నాడో చూడు.

మంగళవారం ప్రాక్టీస్‌కి కాస్త ముందుగా వెళ్లి కోచ్‌ని పట్టుకో. "నన్నెందుకు తీసేశారు" అని అడగకు. "నేను ఏ ఒక్కటి సరిచేసుకోవాలి" అని అడుగు. చెప్పింది విని, థాంక్స్ చెప్పి, వెళ్లి వార్మప్ మొదలుపెట్టు.