మీ ఊరి పేరు పట్టలేదు

తమ్ముడూ,

ప్రోగ్రామ్‌ని ముక్కముక్కగా పరీక్షించే యూనిట్ టెస్టుల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసుని మెమరీలో నడిపితే టెస్టులు చిటికెలో అయిపోతాయన్నావు, నిజమే. సర్వర్ పెట్టక్కర్లేదు. కనెక్షన్ మూస్తే డేటాబేసూ పోతుంది, కడిగే పనుండదు. కానీ అసలు ప్రోగ్రామ్ పోస్ట్‌గ్రెస్ అనే వేరే డేటాబేసు మీద నడుస్తుందని చివర్లో ఒక్క ముక్క అని వదిలేశావు. కథంతా అక్కడే ఉంది కదా!

నా సంగతి విను. బరంపురంలో ఒక పట్టుచీరల కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాశాను. కస్టమర్ ఊరి కాలమ్‌కి వార్‌చార్ 10, అంటే పది అక్షరాల హద్దు, పెట్టాను. ఊరి పేరుకి పది అక్షరాలు చాలవా అనుకున్నా. నీలాగే ఎస్‌క్యూలైట్ మీద నడిపిన టెస్టుల్లో ప్రతిచోటా 'బరంపురం' అనే రాశాను, అన్నీ గ్రీన్. దసరా ముందు మీ పర్లాకిమిడి నుంచి ఒకావిడ వచ్చింది. బిల్లు పడలేదు. కంటికి ఐదక్షరాలే. పొల్లు, గుణింతపు గుర్తులు విడిగా లెక్కేస్తే పదకొండు. పోస్ట్‌గ్రెస్ అలాగే లెక్కేస్తుంది, పొడవు ఎక్కువైందని తిప్పికొట్టింది. ఎస్‌క్యూలైట్ అయితే ఆ 10ని అసలు పట్టించుకోదు, ఎంతైనా మింగేస్తుంది. అంటే టెస్టులో మీ ఊరి పేరే రాసినా నాకు తెలిసేది కాదు! ఆవిడకి చేత్తో బిల్లు రాసిచ్చాం.

ఒక టేబుల్‌లో రాసింది ఇంకో టేబుల్‌లో ఉండి తీరాలని కాపలా కాసే ఫారిన్ కీలదీ ఇదే వరస. మామూలుగా ప్రతి కనెక్షన్‌కీ ఆన్ చేస్తే తప్ప ఎస్‌క్యూలైట్ వాటిని చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. హెచ్‌2 అనే ఇంకో చిన్న డేటాబేసులో పోస్ట్‌గ్రెస్‌లా నడిచే మోడ్ ఉందంటావేమో. వేషం వేసుకున్నా మనిషి వేరే.

ఇప్పుడు నేను తగ్గింపు, జీఎస్టీ లెక్కల టెస్టుల్లో ఏ డేటాబేసునీ తాకను. డేటాబేసుని అడిగే క్వెరీల టెస్టులకి మాత్రం డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని విడి డబ్బాలో పెట్టి నడిపే సాధనం) అసలు పోస్ట్‌గ్రెసే, కొట్లో ఉన్న వెర్షనే. ప్రతి టెస్టూ ట్రాన్సాక్షన్‌లో మొదలై రోల్‌బ్యాక్‌తో ముగుస్తుంది, అంటే రాసిందంతా రద్దయిపోతుంది. కాస్త నెమ్మది, అయినా టీకి లేచి వెళ్ళేంత కాదు.

నీ వ్యాసం కూడా అక్కణ్ణుంచే మొదలుపెట్టు. అదే టేబుల్, అదే ఇన్సర్ట్, ఇంజిన్లు రెండు, జవాబులు రెండు. అది చూపించాక స్పీడు గురించి ఎంతైనా పొగుడు.

ఇంకోటి, ఆ 'ఏకక పరీక్ష' తీసెయ్యి నాయనా. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊళ్ళో కూర్చుని ఆ మాట ఎలా రాయబుద్ధయింది? అందరూ యూనిట్ టెస్ట్ అనే అంటారు, అదే రాయి.

మార్చాక పంపు. ఆ కాలమ్‌ని అక్షరాల హద్దు పెట్టని టెక్స్ట్ చేసేశాను, ఇప్పుడు మీ ఊరు పడుతోంది.

ఉంటాను,
అన్నయ్య