2.7 లక్షల కి.మీ. తిరిగిన కారు: ఇంజన్ పని చేయించాలా, అమ్మేయాలా?

ప్రశ్న: మాది తణుకు. నేను హైస్కూల్ టీచర్ని. 2012లో కొన్న డీజిల్ స్విఫ్ట్ డిజైర్ మీటరు 2 లక్షల 70 వేలు దాటింది. ఈ మధ్య ఆయిల్ తాగుతోంది. ‘బోరుకొచ్చింది (సిలిండర్లు అరిగిపోయాయి), అమ్మేయ్’ అంటున్నారు స్నేహితులు. 1 లక్షా 10 వేలకు ఇంజన్ పని మొత్తం చేసిస్తానంటున్నాడు మెకానిక్. ఉన్నది ఉన్నట్టుగా అమ్మితే 1 లక్షా 90 వేలు వస్తాయట. జీతం చేతికి 68 వేలు, ఇంటి లోను వాయిదా 19,500. అమ్మాయి బీటెక్ మొదటి సంవత్సరం. 10 లక్షలు లోను తీసుకుని కొత్త కారు కొనాలా? ఈ ఇంజన్ ఇంకా ఎన్నాళ్లు వస్తుంది? మేం నెలకు వెయ్యి కి.మీ. తిరుగుతాం.

జవాబు: మాస్టారూ, మీరు చివర్లో రాసిన ఆ వెయ్యి కి.మీ. దగ్గరే మొదలుపెడతాను. అమ్మాయి చదువు అయ్యేదాకా ఇంకో మూడున్నరేళ్లు అనుకుందాం. అంటే ఈ కారు నుంచి మీకు కావలసింది మహా అయితే 42 వేల కి.మీ. ఈ ఇంజన్ 5 లక్షలు లాగుతుందా లేదా అన్నదాంతో మీకు పని లేదు. 3 లక్షల 12 వేల దాకా వస్తే చాలు.

మీ కారులోది ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల మల్టీజెట్. దీనికి టైమింగ్ బెల్టు బదులు చైన్ ఉంటుంది. వేళకు ఆయిల్ మారుస్తూ, అతిగా వేడెక్కనివ్వకుండా నడిపిన ట్యాక్సీలు ఇదే ఇంజన్‌తో 3 లక్షలు దాటి తిరుగుతూనే ఉన్నాయి. వాళ్లు హైవే మీద గంటల తరబడి ఒకే వేగంతో పోతారు. మీరేమో ఇంటి నుంచి స్కూలుకి, స్కూలు నుంచి ఇంటికి. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తారు. అలాంటి ప్రయాణాల్లో అరుగుదల ఎక్కువ. అందుకే మీటరు అంకె ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం.

ఆయిల్ తాగిందంటే బోరుకొచ్చినట్టే అనుకోకండి. టర్బో సీలు పోయినా, వాల్వ్ సీల్స్ గట్టిపడినా, కింద ఎక్కడో కారుతున్నా ఆయిల్ తగ్గుతుంది. ఆ పనుల ఖర్చు వేరు, ఇంజన్ మొత్తం విప్పే ఖర్చు వేరు. ఒక పది కి.మీ. తిప్పి తెచ్చాక, ఇంజన్ ఆన్‌లో ఉండగానే ఆయిల్ పోసే మూత తీసి, తిరగేసి ఆ రంధ్రం మీదే పెట్టమనండి. కొద్దిగా ఆవిరి వస్తూ మూత అక్కడే అదురుతుంటే ఫర్వాలేదు. గుప్పుగుప్పున పొగ తన్ని మూతను పక్కకు నెట్టేస్తుంటే, సైలెన్సర్ నుంచి నీలం పొగ కూడా వస్తుంటే, పిస్టన్ రింగులను అనుమానించాలి. అప్పుడు నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో చూసే పరీక్ష) చేయించి, ఆ నాలుగు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. నాలుగూ ఇంచుమించు ఒకేలా ఉండి, కంపెనీ చెప్పిన కనీసం కంటే పైన ఉంటే బోరు పని మాట ఇప్పుడే వద్దు. ఈ పరీక్ష మీకు బయానా అడగని వేరే షెడ్డులో చేయించడం నయం.

ఇక డబ్బు లెక్క. 10 లక్షల లోను, 9.5 శాతం వడ్డీ, ఏడేళ్లు అంటే నెలకు సుమారు 16,350. ఇంటి వాయిదాతో కలిపితే జీతంలో సగానికి పైగా వాయిదాలకే పోతుంది, అదీ అమ్మాయి ఫీజులు కట్టే ఏళ్లలో. నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే. పోనీ, బోరు తీయాల్సిందే అన్నారనుకోండి. ఆ 1 లక్షా 10 వేలను 42 నెలలకు పంచితే నెలకు 2,620 పడుతుంది. కొత్త కారు మైలేజీ ఎక్కువిస్తుందన్న ఆశా పెట్టుకోవద్దు. లీటరుకు 18 కి.మీ., డీజిల్ 97 రూపాయల లెక్కన మీ నెల ఖర్చు 5,400. అందులో పావు వంతు మిగిలినా 1,350 రూపాయలే.

పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు తిరగనివ్వరన్న టెన్షన్ కూడా వద్దు. అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాల నిబంధన. మనకు సొంత కారు ఆర్.సి. పదిహేనేళ్లు ఉంటుంది. మీది 2027లో ముగుస్తుంది. ఫిట్‌నెస్ చూపించి, రుసుము, హరిత పన్ను కట్టి ఐదేళ్లకు పొడిగించుకోవచ్చు. అయితే ఇంజన్ మీద రూపాయి పెట్టేముందు కారును లిఫ్టు మీదకెక్కించి అడుగు భాగం చూడండి. గోదావరి జిల్లాల తేమకు తుప్పు తొందరగా పడుతుంది. ఛాసీని (కారు కింది చట్రాన్ని) తుప్పు తినేసి ఉంటే ఫిట్‌నెస్ దగ్గరే ఆగిపోతారు. అప్పుడు మాత్రం వచ్చిన ధరకు అమ్మేయండి, లక్ష పెట్టి బోరు తీయించకండి. ఆ లక్ష అమ్మేటప్పుడు తిరిగి రాదు.

అరుగుదలకు బీమా డబ్బు ఇవ్వదు. కాబట్టి బండి కోసం విడిగా డబ్బు పక్కన పెట్టుకోవాలి. కొత్త కారు వాయిదాకు సిద్ధపడ్డారు కదా, అందులో సగం, నెలకు 8 వేలు, రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 6.5 శాతం వడ్డీ వస్తే 42 నెలలకు సుమారు 3 లక్షల 75 వేలు. మధ్యలో ఇంజన్ పని పడితే ఇందులోంచే తీయండి, అప్పు చేయకండి. పడకపోతే అప్పుడు కొనే కారుకు ముందు కట్టే సొమ్ము మీ చేతిలోనే ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్లను అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన అవసరం ఉందా? మీరు రాయలేదు. ఉంటే ఈ లెక్కంతా మారుతుంది, పాత బండిని నమ్ముకోమని నేను చెప్పను. లేకపోతే ఈ వారంలోనే కంప్రెషన్ చూపించి, ఆ నాలుగు అంకెలూ నాకు రాయండి.