24 ఎంఎం, ఎఫ్/1.4: ఎవరికి అక్కర, ఎవరికి దండగ?

కెమెరా ప్రశ్నలు – జవాబులు

ఈసారి ప్రశ్నలు దాదాపు అన్నీ ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి: పెద్ద అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే కన్ను; ఎఫ్ నంబర్ తగ్గేకొద్దీ పెద్దదవుతుంది) ఉన్న వైడ్ ప్రైమ్ లెన్సులు, అంటే జూమ్ లేకుండా వెడల్పుగా పట్టేవి. అందుకే మిగతావి వచ్చే సంచికకు వాయిదా వేశాం.

ప్రశ్న: కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఫంక్షన్ హాళ్లలో పెళ్లిళ్లు తీస్తుంటానండి. ఫుల్‌ఫ్రేమ్ బాడీ (పెద్ద సెన్సర్‌ది), 24–70 ఎఫ్/2.8 జూమ్ ఉన్నాయి. అర్ధరాత్రి ముహూర్తాలకు వెలుతురు చాలట్లేదు. 24 ఎంఎం ఎఫ్/1.4 తీసుకోమని ఒకరు, 16–35 తీసుకోమని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలు? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: 16–35 ఎఫ్/2.8 కొంటే ఫ్రేమ్ వెడల్పవుతుంది గానీ వెలుతురు చుక్క కూడా పెరగదు. మీ ఇబ్బంది వెలుతురుతో కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి.

ఎఫ్/2.8 నుంచి ఎఫ్/1.4కి రెండు స్టాపులు. ఒక్కో స్టాపుకు వెలుతురు రెండింతలు, అంటే మొత్తం నాలుగింతలు. ఇప్పుడు మీరు షట్టర్ 1/100 సెకను, ఎఫ్/2.8, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 3200లో తీస్తున్నారనుకుందాం. ఎఫ్/1.4లో అదే ఐఎస్ఓకి 1/400 దొరుకుతుంది. జీలకర్ర–బెల్లం పెట్టేటప్పుడు ఎవరూ పెద్దగా కదలరు, 1/100 సరిపోతుంది. తలంబ్రాల దగ్గర అలా కుదరదు. బియ్యం గింజ గాల్లో గింజలా కనబడాలంటే కనీసం 1/500 కావాలి. 1/100లో అది తెల్ల గీతగా సాగిపోతుంది. ఆ గీతలూ కొన్ని ఫొటోల్లో బాగుంటాయి, కానీ ఆల్బమ్ మొత్తం గీతలే అయితే పెళ్లివాళ్లు ఊరుకోరు.

ఇక్కడో చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. చవక ఎల్ఈడీలు, ట్యూబులు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. 1/50, 1/100లో ఆ మినుకు తెలియదు. 1/500కి పోగానే ఒక ఫ్రేమ్ వెలుతురుగా, తర్వాతిది పసుపుగా, ఇంకోదానికి మధ్యలో నల్లపట్టీ వస్తాయి. ఎఫ్/1.4 చేతికొచ్చాక షట్టర్ పెంచాలనిపిస్తుంది కాబట్టి ఈ తిప్పలు అప్పుడే మొదలవుతాయి. ముహూర్తానికి అరగంట ముందే మండపం మీదికి 1/500లో ఓ ఇరవై ఫ్రేములు బరస్ట్ కొట్టి చూడండి. వెలుతురు మారుతుంటే మెనూలో యాంటీ–ఫ్లికర్ ఆన్ చేయండి, షట్టర్ మెకానికల్‌లోనే ఉంచండి, సైలెంట్ మోడ్ జోలికి పోకండి. వెనకాల ఎల్ఈడీ వాల్ ఉంటే దాని మినుకు వేగం వేరు, యాంటీ–ఫ్లికర్ దానికి పనిచేయదు. ఆ వైపు ఫ్రేముల్లో 1/100కి దిగడమో, షట్టర్‌ని సన్నసన్నగా మార్చుకునే సదుపాయం ఉంటే పట్టీలు పోయేదాకా సవరించడమో చేయాలి.

ఫోకస్ లోతు సంగతి. 24 ఎంఎం ఎఫ్/1.4లో 3 మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే సుమారు 2.5 నుంచి 3.8 మీటర్ల దాకా షార్ప్‌గా ఉంటుంది. ఎఫ్/2.8లో 2.1 నుంచి 5.3 దాకా. పీటల మీద పక్కపక్కన కూర్చున్న వధూవరులకు ఎఫ్/1.4 ఢోకా లేదు. వాళ్లకు మీటరు వెనక నిలబడ్డ మేనమామ మాత్రం అంచుకు వెళ్లిపోతాడు. 2 మీటర్ల దగ్గరికి జరిగితే మొత్తం లోతు 60 సెంటీమీటర్లే. గ్రూప్ ఫొటోలకు ఎఫ్/4 కన్నా తెరవకండి, అంచున ఉన్నవాళ్లకూ ఫ్రేముకూ మధ్య కాస్త జాగా వదలండి. 24 ఎంఎంలో అంచున ఉన్న మొహం పక్కకు సాగి, మనిషి పది కిలోలు పెరిగినట్టు కనిపిస్తాడు.

మా మాట అడిగితే, పెళ్లిళ్లకు 24 కన్నా 35 ఎంఎం ఎఫ్/1.4 మేలు. మొహాలు సాగవు, మండపం ఇరుకైనా రెండడుగులు వెనక్కి జరిగితే ఇమిడిపోతుంది. 24 కావలసినప్పుడు మీ జూమ్ ఎలాగూ ఉంది.

ప్రశ్న: "వైడ్ లెన్స్‌కి ఎఫ్/1.8 చాలు, ఎఫ్/1.4 డబ్బు దండగ" అని గత సంచికలో రాశారు. ఒప్పుకోను. తేడా లేకపోతే కంపెనీలు రెండూ ఎందుకు చేస్తాయి? పైగా బ్లర్ కూడా ఎఫ్/1.4లోనే బాగుంటుంది. – ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: "దండగ" అన్నది ఎక్కువే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాం. లెక్క మాత్రం మారదు. ఎఫ్/1.8 నుంచి ఎఫ్/1.4కి తేడా స్టాపులో మూడింట రెండొంతులు. ఐఎస్ఓ 5000లో తీసేది 3200లో తీయొచ్చు, అంతే. ఆ లాభం కూడా ఫ్రేమ్ మధ్యలోనే. చాలా వైడ్ లెన్సుల్లో ఎఫ్/1.4 దగ్గర మూలలు రెండు స్టాపుల దాకా చీకటవుతాయి. కంప్యూటర్లో ఆ మూలను లేపితే అక్కడి నాయిస్ (గరుకు చుక్కలు) 3200ది కాదు, 12800ది అవుతుంది.

బ్లర్ విషయంలో మీతో ఏకీభవించలేం. దూరంగా ఉన్న బ్యాక్‌గ్రౌండ్ ఎంత కరుగుతుందన్నది ఎఫ్ నంబర్ ఒక్కటే చెప్పదు. లెన్స్ ఎంఎం సంఖ్యను, అంటే ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబర్‌తో భాగించి చూడండి, అపర్చర్ కన్ను వెడల్పు వస్తుంది. 24ని 1.4తో భాగిస్తే 17 ఎంఎం. మామూలు 24–70 ఎఫ్/2.8 జూమ్‌ని 70 దగ్గర పెడితే 25 ఎంఎం. మనిషిని ఫ్రేములో అదే సైజులో పెట్టి తీస్తే, ట్యాంక్‌బండ్ మీద అతని వెనక లైట్లు ఆ జూమ్‌లోనే పెద్ద పెద్ద గుండ్రాలవుతాయి. బ్లర్ కోసమైతే 24 ఎఫ్/1.4 సరైన కొనుగోలు కాదు, 85 ఎఫ్/1.8 చూసుకోండి. వైడ్‌లో ఎఫ్/1.4కి డబ్బు పెట్టేది షట్టర్ స్పీడ్ కోసం.

ఐఎస్ఓ పెంచి ఏఐ డీనాయిస్‌తో తుడిచేయొచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. నాయిస్ పోతుంది, నిజమే. 1/60లో కదిలిపోయిన చెయ్యి మాత్రం డీనాయిస్‌తో నిలబడదు.

బరువు కూడా చూసుకోవాలి. అద్దమున్న డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ మౌంటుకూ సెన్సర్‌కూ మధ్య ఎడం ఎక్కువ. కెనాన్ ఈఎఫ్‌లో అది 44 ఎంఎం, సోనీ ఈ–మౌంట్ మిర్రర్‌లెస్‌లో 18. ఆ ఎడం దాటించడానికి పాత వైడ్ లెన్సులు పెద్ద గాజులు మోసేవి. కెనాన్ ఈఎఫ్ 24 ఎంఎం ఎఫ్/1.4 రెండో వెర్షన్ 650 గ్రాములు, 2018లో వచ్చిన సోనీ 24 ఎఫ్/1.4 జీఎం 445 గ్రాములు. డీఎస్ఎల్ఆర్‌ల కోసం చేసిన సిగ్మా 20 ఎంఎం ఎఫ్/1.4 ఆర్ట్ 950 గ్రాములు, ముందు గాజు ఉబ్బి ఉంటుంది కాబట్టి మరతో బిగించే ఫిల్టర్ పట్టదు. సోనీ 20 ఎఫ్/1.8 అయితే 373 గ్రాములే. పాతబస్తీ గల్లీల్లో మూడు గంటలు నడిచేవాళ్లకు ఈ తేడా భుజానికే తెలుస్తుంది.

ప్రశ్న: సిగ్మా 16 ఎంఎం ఎఫ్/1.4, ఏపీఎస్–సీ (చిన్న సెన్సర్) కెమెరాతో అనంతగిరి కొండల్లో పాలపుంత తీశాను. మూలల్లో నక్షత్రాలు రెక్కలు చాపిన పిట్టల్లా వచ్చాయి, మధ్యలోవి కూడా సాగాయి. లెన్స్ పాడైందా? – ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: రెండూ వేర్వేరు లోపాలు. మూలల్లో పిట్టలు రావడాన్ని కోమా అంటారు. అపర్చర్ పూర్తిగా తెరిస్తే లెన్స్ అంచుల గుండా వచ్చే కిరణాలు ఒక్క బిందువు దగ్గర కలవవు. ఎఫ్/2కి మూస్తే బాగా తగ్గుతుంది, ఎఫ్/2.8కి దాదాపు పోతుంది. అయితే ఒక పరీక్ష చేయండి: నాలుగు మూలల్లోనూ పిట్టలు ఒకే తీరులో ఉంటే అది లెన్స్ స్వభావం. ఒక్క మూలలోనే ఉంటే లోపలి గాజు పక్కకు జరిగిందన్నమాట, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలి.

మధ్యలో సాగడం భూమి తిరగడం వల్ల. "500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించు" అనే పాత సూత్రం ఫిల్మ్ కాలానిది. మీ 16 ఎంఎం ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 24 కాబట్టి దాని ప్రకారం 20 సెకన్లు వస్తుంది. 24 మెగాపిక్సెళ్ల సెన్సర్‌లో జూమ్ చేసి చూస్తే అప్పటికే చుక్క గీతైపోతుంది. 500 బదులు 300 పెట్టుకుంటే పన్నెండున్నర సెకన్లు. ఎఫ్/2, 13 సెకన్లు, ఐఎస్ఓ 3200తో మొదలుపెట్టి, అవే సెట్టింగులతో 12–15 ఫ్రేములు వరసగా తీసి కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి కలపండి (స్టాక్).

ఫోకస్‌కి ఆటో వద్దు. మాన్యువల్‌లో పెట్టి, ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని స్క్రీన్ మీద వీలైనంత పెద్దది చేసి, రింగ్ తిప్పుతూ చుక్క అతి చిన్నదయ్యేదాకా వెళ్లండి. కాస్త దాటి మళ్లీ వెనక్కి రండి, అప్పుడే అసలు బిందువు తెలుస్తుంది. మీ లెన్స్ రింగ్ మోటారుతో నడిచేది, గాజుకు నేరుగా తగిలి ఉండదు. కెమెరా నిద్రపోయి లేచాక ఫోకస్ జరిగిపోవచ్చు. ఆటో పవర్ ఆఫ్ తీసేయండి.

సమయం విషయానికొస్తే, అమావాస్యకు అటూ ఇటూ మూడు రోజులు చూసుకోండి. పాలపుంత కేంద్రం మన దగ్గర మార్చి మధ్యలో రాత్రి ఒంటిగంట దాటాక, మే మధ్యలో తొమ్మిది దాటాక ఆగ్నేయంలో లేస్తుంది. అనంతగిరికి హైదరాబాద్ వెలుగు తూర్పున ఉంటుంది. అందుకని అది లేచిన వెంటనే తీయకండి, దక్షిణానికి జరిగేదాకా ఆగండి. జూన్ నుంచి మబ్బులే.

ప్రశ్న: మధ్యాహ్నం చార్మినార్‌ని 24 ఎంఎం ఎఫ్/1.4లో తీస్తే తెల్లగా పాలిపోతోంది. – ఒక విద్యార్థి, నాంపల్లి

జవాబు: నిట్టనిలువు ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/1.4కి షట్టర్ 1/12800 కావాలి. చాలా కెమెరాల మెకానికల్ షట్టర్ 1/4000 లేదా 1/8000 దగ్గరే ఆగుతుంది, అందుకే వెలుతురు ఎక్కువై ఫొటో తెల్లబడుతోంది. ఎన్‌డీ8 ఫిల్టర్ (వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే నల్ల గాజు) బిగిస్తే 1/1600కి దిగుతుంది. 25 ఫ్రేముల వీడియోకి 1/50 కావాలంటే ఎన్‌డీ256. వేరియబుల్ ఎన్‌డీని వైడ్ లెన్స్ మీద చివరిదాకా తిప్పితే ఫ్రేములో నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది, జాగ్రత్త.

ఇంతకీ ఎఫ్/1.4 ఎందుకు? 24 ఎంఎం ఎఫ్/1.4లో 14 మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే 7 మీటర్ల నుంచి అనంతం దాకా షార్ప్‌గానే ఉంటుంది. ఇరవై మీటర్ల దూరంలో ఉన్న మినార్ వెనక ఏదీ కరగదు, మూలలు మాత్రం మెత్తబడతాయి. ఎఫ్/8 పెట్టి హాయిగా తీసుకోండి.

ప్రశ్న: కోఠిలో సెకండ్ హ్యాండ్ 35 ఎఫ్/1.4 చూశాను. ఏమేం పరీక్షించాలి? – ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: మీ కెమెరా, మెమరీ కార్డ్, చిన్న టార్చి తీసుకెళ్లండి. రెండు పక్కల మూతలు తీసి, వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము రేణువులు ఎన్నున్నా ఫర్వాలేదు. సాలీడు దారాల్లా కొమ్మలు చాపిన తెల్లటి అల్లిక కనిపిస్తే అది ఫంగస్, ధర ఎంత తగ్గించినా వద్దు. అపర్చర్ ఆకుల మీద నూనె మెరుపు ఉన్నా వదిలేయండి.

తర్వాత దుకాణం బయటికొచ్చి దూరంగా ఉన్న సెల్ టవర్‌ని ఎఫ్/1.4లో నాలుగు మూలల్లో ఒక్కోసారి పెట్టి, ప్రతిసారీ ఆ మూలలోనే ఫోకస్ చేసి నాలుగు ఫొటోలు తీయండి. మూడు మూలల్లో కమ్మీలు స్పష్టంగా ఉండి నాలుగోదాంట్లో అలుక్కుపోతే లెన్స్ ఎప్పుడో కిందపడిందని అర్థం. డీఎస్ఎల్ఆర్ అయితే రెండు మీటర్ల దూరంలో ఏదైనా బోర్డు మీది అక్షరాలకు వ్యూఫైండర్‌తో ఒకసారి, లైవ్ వ్యూతో ఒకసారి ఫోకస్ చేసి పోల్చండి. వ్యూఫైండర్‌ది మాత్రమే మెత్తగా ఉంటే గాజు బాగున్నట్టే, బాడీలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఆటోఫోకస్ సవరణ) సరిచేసుకుంటే చాలు. ఆ సదుపాయం మీ బాడీలో ఉందో లేదో బేరం ఆడకముందే మెనూలో చూసుకోండి.