రేరుమ్ నోవారుమ్ మీద ప్రతిపాదన తిరిగొస్తే

రేరుమ్ నోవారుమ్ అంటే కార్మికుల స్థితి గురించి పోపు కాథలిక్ చర్చికి రాసిన లేఖ (విశ్వలేఖ). దాని మీద మీరిచ్చిన పరిశోధన ప్రతిపాదనను మీ గైడ్ "పద్ధతి లేదు" అని తిప్పి పంపడానికి కారణం దాదాపుగా ఇదే: చరిత్ర, అర్థశాస్త్రం, దైవశాస్త్రం మూడింటినీ ఒకే ప్రశ్న అడిగారు.

1. ప్రశ్నలు విడదీయండి. పదమూడవ లియో పోపు ఈ విశ్వలేఖను 1891లోనే ఎందుకు రాశారు? ఇది చరిత్ర. కూలిని బేరానికే వదిలేస్తే ఏమవుతుంది? ఇది అర్థశాస్త్రం. సొంత ఆస్తి సహజ హక్కా? ఇది దైవశాస్త్రం.

2. అందరూ వదిలేసేది ఇక్కడే. పేరా నంబర్లు ప్రచురణను బట్టి మారతాయి. న్యాయమైన కూలి గురించిన మాట వాటికన్ వెబ్‌సైట్ ఇంగ్లీషు పాఠంలో 45వ పేరా. వేరే పుస్తకంలో ఆ నంబరు దగ్గర ఇంకేదో కనిపిస్తుంది, పరీక్షకులకు మీ ఉటంకింపే తప్పనిపిస్తుంది. ఏ అనువాదం వాడారో మొదటి ఫుట్‌నోట్‌లోనే చెప్పి, చివరిదాకా దాన్నే వాడండి.

3. పోపు చెప్పారు కాబట్టి యజమానులు పాటించారని రాయకండి. దానికి కార్మిక సంఘాల రికార్డులు చూపాలి.