పంజరంలో ఎలుక, అటక మీద ఎలుక

ప్రశ్న: మా పిల్లలు రెండు ఎలుకల్ని పంజరంలో పెంచుతున్నారు. పది రోజులుగా అటక మీద రాత్రిళ్లు పరుగుల చప్పుడు, వంటింట్లో పెంటికలు. వీటి వాసనకే అవి వచ్చాయని, ఎలుక ఎక్కడున్నా ఎలుకేనని మా అత్తగారు అంటున్నారు. మందు పెట్టమంటారా?

జవాబు: మందు మాత్రం వద్దండీ. రక్తం గడ్డకట్టనివ్వని మందు తిన్న ఎలుక వెంటనే చావదు. నాలుగైదు రోజులు తిరుగుతూనే ఉంటుంది, ఈలోగా మందు గింజల్ని నోట కరుచుకుపోయి ఎక్కడెక్కడో దాస్తుంది. ఒక్క గింజ పంజరం పక్కన రాలినా మీ పిల్లల ఎలుక ఊచల సందులోంచి లాక్కుంటుంది. ఎలుకలు వాంతి చేసుకోలేవు. అనుమానం వస్తే లక్షణాల కోసం ఆగకుండా మందు ప్యాకెట్టుతో సహా పశువైద్యుల దగ్గరికి పరుగెత్తండి. ఈ రకానికి విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది. జింక్ ఫాస్ఫైడ్ అనే మరో రకం ఎలుకల మందుకైతే విరుగుడే లేదు.

మీ అత్తగారి మాటలో సగం నిజముంది. వాసన కన్నా వాటిని రప్పించేది పంజరం కింద రాలే తిండి. పెద్ద ఎలుక రోజుకు తినేది 15-20 గ్రాములు. అంతే కొలిచి వేసి, రాత్రి పడుకునే ముందు రాలినవి ఎత్తేయండి. మిగతా గింజలు బిగుతు మూత ఉన్న డబ్బాలో ఉండాలి.

ఎలుక ఎక్కడున్నా ఎలుకేనన్న రెండో మాట అంత సరికాదు. పెంపుడు ఎలుకలు గోధుమ రంగు ఎలుక సంతతి. అటకెక్కేది చాలాసార్లు నల్ల ఎలుక. పెద్ద చెవులు, ఒంటికన్నా పొడవైన తోక ఉంటాయి. జాతే వేరు. అయితే పేలకూ, మూత్రంతో వ్యాపించే లెప్టోస్పైరా క్రిమికీ ఆ తేడా లేదు. అందుకే రాత్రిపూట పంజరాన్ని తలుపులు మూసిన గదిలో ఉంచండి. అటక పని చేశాక చేతులు కడగకుండా పెంపుడు ఎలుకల్ని ముట్టుకోవద్దు.

ముందు దారి కనిపెట్టండి. ఎలుక రోజూ ఒకే బాటన గోడను రాసుకుంటూ పోతుంది కాబట్టి అక్కడ నల్లటి జిడ్డు మరక పడుతుంది. దాని వెంబడి వెళ్తే కన్నం దొరుకుతుంది. బొటనవేలు పట్టే కన్నం చాలు దానికి. తుప్పు పట్టని స్టీల్ పీచు గట్టిగా కూరి, పైన సిమెంటు పూయండి. చెక్క, ఫోమ్ రెండూ కొరికేస్తుంది.

లోపల మిగిలినవాటికి స్ప్రింగు బోన్లు మేలు. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. ఎలుక కొత్త వస్తువును చూస్తే భయపడుతుంది, మొదటి రాత్రి దగ్గరికే రాదు. మూడు నాలుగు రాత్రులు స్ప్రింగు ఎక్కించకుండా ఎర మాత్రమే పెట్టి అలవాటు చేయండి, తర్వాత ఎక్కించండి. ఎర ఉన్న కొస గోడకు తగిలేలా బోను అడ్డంగా పెట్టాలి. వేరుశనగ ముద్ద శనగగింజంత చాలు. ఎక్కువైతే స్ప్రింగు కదలకుండానే నాకేసి పోతుంది. ఒక్క బోనుతో సరిపెట్టకుండా ఆరేడు పెట్టండి. ఇవి ఉన్నన్నాళ్లూ మీ ఎలుకల్ని బయట తిరగనివ్వకండి. జిగురు అట్టలు మాత్రం నేనొప్పుకోను. గంటల తరబడి గిలగిలలాడి చచ్చే బాధ ఏ ఎలుకకైనా ఒకటే.

పెంటికల్ని పొడిగా ఊడ్చకండి. ఒక వంతు బ్లీచుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తడిపి, ఐదు నిమిషాలు ఆగి, చేతి తొడుగులతో తుడవండి.

ప్రశ్న: తోటలో కళ్లు తెరవని ఎలుక పిల్ల దొరికింది. చేత్తో పెంచితే పెంపుడు ఎలుక అవదా?

జవాబు: మచ్చికైతే కావచ్చు. పెంపుడు గుణం మాత్రం తరాల ఎంపికతో వస్తుంది. 1972లో రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో మొదలైన ప్రయోగంలో అడవి ఎలుకల్లో సాధువైనవాటినే తరం తర్వాత తరం జతకట్టిస్తూ పోయారు, మెల్లగా మనిషికి బెదరని సంతతి తేలింది. మీకు దొరికిన ఎలుక పిల్ల పెద్దదయ్యాక బెదురుతుంది, కరుస్తుంది. కళ్లు తెరవలేదంటే రెండు వారాలు నిండలేదన్నమాట. దొరికిన చోటే గుడ్డ ముక్క మీద ఉంచి దూరంగా వచ్చేయండి. తల్లి మోసుకుపోయే అవకాశం ఉంది.

ప్రశ్న: మా ఎలుక కంటి చుట్టూ నెత్తురు!

జవాబు: చాలావరకు అది పోర్ఫిరిన్, కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే ఎర్రటి స్రావం. తడి దూదితో తుడవండి. మళ్లీ మళ్లీ వస్తుంటే ఒత్తిడో, ఊపిరితిత్తుల జబ్బో ఉండొచ్చు. దేవదారు పొట్టు పరిచి ఉంటే తీసేసి కాగితపు ముక్కలు వేయండి, మూత్రం ఘాటు పేరుకోనివ్వకండి. ఊపిరిలో గురగుర వినిపిస్తే అదే రోజు వైద్యులకు చూపించండి.