7 టైటిళ్ళున్న హారీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేడెందుకు? మరి ఎవరుండాలి?

అడిగిన ప్రశ్న ఇది: రాబర్ట్ హారీకి 7 ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) టైటిళ్ళున్నాయి, చార్లెస్ బార్క్లీకి ఒక్కటీ లేదు. అయినా బార్క్లీ గొప్ప ఆటగాళ్ళను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు, హారీ లేడు. ఇదేం లెక్క? రిటైరైనవాళ్ళలో ఇంకా ఎవరికి అన్యాయం జరిగింది?

హారీకి అన్యాయమేమీ జరగలేదు. హ్యూస్టన్‌లో 2, లేకర్స్‌లో 3, శాన్ ఆంటోనియోలో 2 టైటిళ్ళు గెలిచాడు, ఆఖరి సెకన్లలో షాట్లు వేసి గెలిపించాడు, కాదనేవాళ్ళెవరూ లేరు. కానీ ఆ జట్లను నడిపింది ఒలాజువాన్, షకీల్, కోబీ, డంకన్. హారీ కెరీర్ సగటు ఆటకు 7 పాయింట్లు. ఏటా సీజన్ మధ్యలో మేటి ఆటగాళ్ళతో జరిగే ఆల్‌స్టార్ ఆటకు ఒక్కసారి కూడా ఎంపిక కాలేదు. తోడు పెళ్ళికొడుకు ఎన్ని పెళ్ళిపీటల మీద కూర్చున్నా తోడు పెళ్ళికొడుకే.

"మరి మైకేల్ కూపర్‌ని 2024లో ఎలా తీసుకున్నారు? అతనికీ ఆల్‌స్టార్ లేదు, సగటు 8.9 పాయింట్లే కదా" అని వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు. కూపర్‌కి 5 టైటిళ్ళతో పాటు 1987లో ఉత్తమ డిఫెండర్ అవార్డు ఉంది, ఆల్ డిఫెన్సివ్ జట్లలో (ఏటా ప్రకటించే ఉత్తమ డిఫెండర్ల జట్లు) 8 సార్లు చోటు ఉంది. అంటే ఒక పనిలో లీగ్ మొత్తానికీ మేటి అని రాతపూర్వకంగా సాక్ష్యముంది. హారీ దగ్గర అలాంటి కాగితం ఒక్కటీ లేదు. బెన్ వాలెస్ 5.7 పాయింట్ల సగటుతో 2021లో లోపలికి వెళ్ళింది కూడా ఇలాగే, 4 సార్లు ఉత్తమ డిఫెండర్.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. ఇది ఎన్‌బీఏ హాల్ ఆఫ్ ఫేమ్ కాదు, బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్. 1891లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను మొదలుపెట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉంది. కాలేజీ ఆట, ఒలింపిక్స్, యూరప్ క్లబ్బులు అన్నీ లెక్కలోకి వస్తాయి. జినోబిలీ ఎన్‌బీఏ సగటు 13.3 పాయింట్లు, ఆల్‌స్టార్ 2 సార్లే. దాని పక్కన ఇటలీ క్లబ్బు బొలోన్యాతో 2001 యూరోలీగ్, అర్జెంటీనాతో 2004 ఒలింపిక్ స్వర్ణం, 4 ఎన్‌బీఏ టైటిళ్ళు పెట్టి చూస్తే 2022లో అతని ఎంపిక మీద వాదనే ఉండదు.

ఓటింగ్ సంగతి. ఉత్తర అమెరికా కమిటీలో 9 మంది ఉంటారు, 7 ఓట్లు పడితే ఫైనలిస్టు. తర్వాత 24 మంది ఉన్న ఆనర్స్ కమిటీలో 18 ఓట్లు రావాలి. మహిళలకు వేరే కమిటీ, ఆట ముగించి 35 ఏళ్ళు దాటినవాళ్ళకు వెటరన్స్ కమిటీ, విదేశీయులకు అంతర్జాతీయ కమిటీ ఉన్నాయి. టోనీ కూకోచ్ 2021లో వచ్చింది ఆ చివరి దారినే. అందుకే ఎవరి గురించి వాదించినా అతను ఏ గుమ్మంలోంచి వస్తాడో ముందు చూసుకోవాలి. ఓటేసినవాళ్ళ పేర్లు బయటపెట్టరు కాబట్టి "ఎందుకు తీసుకోలేదు" అన్నదానికి అధికారికంగా జవాబు దొరకదు. మనకు మిగిలేది ఆటగాడి రికార్డు ఒక్కటే.

ఆ రికార్డును చదవడంలోనే తప్పులు దొర్లుతాయి. మొదట చూడాల్సింది ఆల్‌స్టార్ కాదు, ఆల్ ఎన్‌బీఏ జట్లు, అంటే ఏటా మేటి ఆటగాళ్ళ పేర్లతో ప్రకటించే గౌరవ జట్లు. ఆల్‌స్టార్‌లో మొదటి అయిదుగురి ఎంపికలో అభిమానుల ఓటు ఉంటుంది, పైగా అది సీజన్ మధ్యలో జరుగుతుంది. ఆల్ ఎన్‌బీఏ మాత్రం సీజన్ అయ్యాక మీడియా వేసే ఓటు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. 1988-89కి ముందు రెండు జట్లే, అంటే 10 మందికే చోటు. ఆ తర్వాత మూడో జట్టు కలిసి 15 అయ్యాయి. 1980 నాటి రెండో జట్టునీ 2010 నాటి మూడో జట్టునీ ఒకే గాటన కట్టకూడదు. ఒక్కసారి మొదటి జట్టులోకి వస్తే చాలనుకోవడమూ తప్పే. స్ప్రీవెల్ 1994లో, జోకిమ్ నోవా 2014లో మొదటి జట్టులో ఉన్నారు, 2025 ఎంపికల దాకా ఇద్దరూ బయటే ఉన్నారు.

20,000 పాయింట్లు కూడా తాళంచెవి కాదు. టామ్ చాంబర్స్, ఆంటోన్ జేమిసన్, జో జాన్సన్ ముగ్గురూ ఆ గీత దాటినవాళ్ళే, 2025 దాకా ముగ్గురికీ పిలుపు రాలేదు. జేమిసన్‌కి ఆల్ ఎన్‌బీఏ ఒక్కటీ లేదు, నా ఉద్దేశంలో అక్కడితో చర్చ ముగిసింది. ఇక స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం), బ్లాక్స్ (షాట్‌ను అడ్డుకోవడం) లెక్క 1973-74లో, మూడు పాయింట్ల గీత 1979-80లో మొదలయ్యాయి. అంతకుముందువాళ్ళ ఖాతాలో అవి లేవని తక్కువ చేస్తే, 60 ఓవర్ల వన్డేల స్ట్రైక్ రేటును టీ20తో పోల్చినట్టే. బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ సైట్ ఇచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ సంభావ్యత శాతాన్ని తెచ్చి చూపేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అందులోకి వెళ్ళేది ఎత్తు, టైటిళ్ళు, ఆల్‌స్టార్ ఎంపికలు, అత్యుత్తమ విన్ షేర్స్ (జట్టు గెలుపుల్లో ఆటగాడి వాటా అంచనా), లీగ్ టాప్ జాబితాల్లో స్థానాలు. కాలేజీ లేదు, ఒలింపిక్స్ లేదు, యూరప్ లేదు.

ఇప్పుడు పేర్లు. (2025 ఎంపికల వరకే మాట్లాడుతున్నాను.)

నా మొదటి ఓటు మార్కెస్ జాన్సన్‌కి, రెండో మాట లేదు. యూసీఎల్ఏతో 1975 కాలేజీ టైటిల్, 1977లో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే వుడెన్ అవార్డు, అదీ మొట్టమొదటిది. మిల్వాకీలో 1978-79 సీజన్‌లో సగటున 25.6 పాయింట్లు, ఆల్‌స్టార్ 5 సార్లు, కెరీర్ సగటు 20.1. 1979 ఆల్ ఎన్‌బీఏ మొదటి జట్టు చూడండి: ఎల్విన్ హేస్, మోజెస్ మలోన్, జార్జ్ గెర్విన్, పాల్ వెస్ట్‌ఫాల్, మార్కెస్. నలుగురు లోపల, ఒక్కడు బయట. 1980, 1981ల్లో రెండో జట్టు, అదీ 10 చోట్లే ఉన్న రోజుల్లో. అతనికి వ్యతిరేకంగా చెప్పేవి రెండు. మెడ గాయంతో కెరీర్ 700 ఆటలైనా నిండకుండానే ఆగింది, ఫైనల్స్ ఆడలేదు. ఫైనల్స్ మాటకొస్తే 80ల్లో తూర్పున ఫిలడెల్ఫియా, బోస్టన్ రెండూ అడ్డుగా ఉన్నాయి. అదే మిల్వాకీ జట్టు నుంచి సిడ్నీ మాంక్రీఫ్‌ని 2019లో తీసుకున్నారు. అతనికీ ఫైనల్స్ లేవు.

షాన్ మారియన్‌కి కూడా వేస్తాను. 17,000కి పైగా పాయింట్లు, 10,000కి పైగా రీబౌండ్లు (గురితప్పిన షాట్ల బంతిని అందుకోవడం), 1,700కి పైగా స్టీల్స్, 1,200కి పైగా బ్లాక్స్. ఈ నాలుగూ ఒకే మనిషి ఖాతాలో ఉండడం చాలా అరుదు. ఫీనిక్స్‌లో అతని కోసం ప్రత్యేకంగా ఎత్తులు వేసేవాళ్ళు కాదు, నాష్ పరిగెత్తిస్తుంటే వచ్చిన బంతులతోనే ఇదంతా. 2011లో డాలస్‌తో టైటిల్ కూడా గెలిచాడు. ఆల్ డిఫెన్సివ్ జట్టులో ఒక్కసారీ లేడన్నదే అతనికి పెద్ద దెబ్బ. పాయింట్ గార్డ్ నుంచి పవర్ ఫార్వర్డ్ దాకా అందరినీ కాసినవాడికి ఆ గుర్తింపు రాలేదంటే, అప్పట్లో ఏటా ఫార్వర్డ్‌లకు ఉన్నవి 4 చోట్లు, ఎదురుగా ఉన్నది డంకన్, గార్నెట్, బోవెన్.

పెన్నీ హార్డవే విషయంలో కాస్త ఊగిసలాట ఉంది. 1995, 1996ల్లో వరసగా మొదటి జట్టు, 1996 ఒలింపిక్ స్వర్ణం. మోకాళ్ళు పోయాక మిగిలిన ఏళ్ళు సగటును 15.2కి దించేశాయి. గ్రాంట్ హిల్ కెరీర్ కూడా గాయాలతోనే దెబ్బతింది కదా అంటారు. కానీ హిల్‌కి 7 ఆల్‌స్టార్లు, డ్యూక్‌తో 2 కాలేజీ టైటిళ్ళు ఉన్నాయి. పెన్నీకి ఓటు వేస్తాను గానీ కొట్లాటకు దిగను.

లారీ ఫౌస్ట్ పేరు మనవాళ్ళలో ఎవరూ ఎత్తరు. ఆల్‌స్టార్ 8 సార్లు! 1950 నవంబరులో ఫోర్ట్ వేన్ 19-18తో మినియాపొలిస్‌ను ఓడించిన ఆట, ఎన్‌బీఏలో అతి తక్కువ స్కోరు నమోదైన ఆట, అందులో గెలుపు బుట్ట అతనిదే. అయితే 1954-55 సీజన్‌కల్లా లీగ్‌లో మిగిలింది 8 జట్లే. అప్పటి 8 ఆల్‌స్టార్లను ఇప్పటి 30 జట్ల లీగ్‌లో 8తో సమానం చేయలేం. అయినా 1955లో మొదటి జట్టులో ఉన్నాడు కాబట్టి వెటరన్స్ కమిటీ అతని ఫైలు ఒకసారి తీసి చూడాలి.

డెరిక్ రోజ్ గురించి ఎలాగూ అడుగుతారు. 2011 ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు), 22 ఏళ్ళకే. అర్హత వచ్చిన ఎంవీపీ ఎవరినీ ఇంతవరకు బయట ఉంచలేదు, కాబట్టి అతన్నీ తీసుకుంటారనే నా అంచనా. కానీ రికార్డు చదివితే ఆల్‌స్టార్ 3, ఆల్ ఎన్‌బీఏ 1. కాలేజీ పేజీ చూద్దామంటే, మెంఫిస్ ఫైనల్ దాకా వెళ్ళిన 2007-08 సీజన్ గెలుపులన్నీ కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ రద్దు చేసింది. రెండు ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణాలు మాత్రం ఉన్నాయి. నా చేతిలో ఓటుంటే మార్కెస్ లోపలికి వెళ్ళాకే రోజ్ కాగితం తీస్తాను.