ఇంట్లో మొదటిసారి ఇంక్యుబేటర్‌లో కోడిగుడ్లు పొదిగించాలంటే ఏం చూసుకోవాలి?

ముందు గుడ్డు చూసుకోండి. కిరాణా కొట్లో దొరికే ఫారం గుడ్లు పనికిరావు. అక్కడ పెట్టల మధ్య పుంజులు ఉండవు, అందుకే వాటిలో పిల్ల తయారవదు. పుంజు తిరిగే మందలోంచి, పెట్టి వారం దాటని నాటుకోడి గుడ్లు తెచ్చుకోండి. కడగొద్దు, పెంకు మీది రక్షణ పొర పోతుంది.

ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో వేడి 37.5 డిగ్రీల సెల్సియస్, తేమ 50 శాతం దగ్గర ఉండాలి. ఒకరోజు ఖాళీగా నడిపి చూశాకే గుడ్లు పెట్టండి. వేడి కాస్త తగ్గడం కంటే పెరగడమే ఎక్కువ ప్రమాదం. కాబట్టి కాసేపు కరెంటు పోయినా టెన్షన్ పడొద్దు, మూత తీయకుండా ఉంచితే చాలు.

రోజుకు మూడు నుంచి ఐదు సార్లు గుడ్లు తిప్పాలి, లేకపోతే పిండం లోపలి పొరకు అంటుకుపోతుంది. ఏడో రోజు చీకట్లో టార్చి వేసి చూస్తే ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఏమీ కనిపించనివి తీసేయండి. 18వ రోజు నుంచి తిప్పడం ఆపి, తేమ 65-70 శాతానికి పెంచండి.

21వ రోజుకల్లా పిల్లలు పెంకు పొడవడం మొదలుపెడతాయి. చిల్లు పడ్డాక బయటికి రావడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. జాలిపడి మీరు పెంకు ఒలిచారో, రక్తనాళాలు తెగి పిల్ల చనిపోవచ్చు. దయచేసి ఆగండి. పుట్టిన పిల్లకు కడుపులోని పచ్చసొన రెండు మూడు రోజుల దాకా సరిపోతుంది, ఒళ్లు ఆరేదాకా లోపలే ఉంచండి.